పొట్ట చేత పట్టుకొని

పొట్ట చేత పట్టుకొని వచ్చినోన్ని.
సోహార్ దవాఖాన్ల మొదటి దినం
మెహ్నాజ్ మేడం గదే మాటన్నది, ఉర్దూల:
పొట్టను పట్టుకో.
చేతితోని కాదు, లోపట్నుంచి,
బొడ్డు పోయి ఎన్నుపూసకు అంటుకున్నట్టు.
నాకు నవ్వొచ్చింది.
పదకొండేండ్ల సంది ఇంకేం జేస్తున్న మేడం.

పోయింది ఎడమ కాలు, మోకాలు కింద,
రేవు కాడ ఇనుపరేకు జారిన పొద్దు.
కాలు పోతె కాలుకే వైద్యమనుకుంటరు ఎవలైనా.
ఈమె కాలు దిక్కు సూడనే సూడది.
నడుము సూస్తది, పక్కటెముకలు సూస్తది,
ఊపిరి యాడికెళ్లి వస్తుందో సూస్తది.
నడిమి గుంజ ఊగుతుంటె
డేరాకు ఎన్ని మేకులు కొట్టి ఏం లాభమంటది.

ఆమె చెయ్యి గురించి చెప్పాలె.
ఎల్లకిల పండుకుంటె నడుము కింద ఇంత సందు.
ఆ సందుల నీలం గ్లౌజు అరచెయ్యి పెట్టి
నలిపెయ్, నొప్పైతె నేనే చెప్తనన్నది.
నలిపిన. ఒక్కసారి సుత చెప్పలే.
ఊపిరి బిగవట్టి దొంగ కసరత్తు జేస్తె మాత్రం
ఏలికొసతోని తట్టేది,
పరీక్షల కాపీ కొట్టే పోరని బల్ల మీద తట్టినట్టు.

పక్క మంచం మీద ఖమీస్ తాత,
షుగరు రెండు కాళ్లూ తీస్కపోయింది.
పక్కకు ఒరిగి పడ్డప్పుడల్లా ఆయనే ముందు నవ్వేది.
ఆకర్న ఖర్జూరపండు, చేదు కావా.
వ్యానెక్కే టైముకు ఫోర్‌మన్ ముఖం.

బీమా పన్నెండు సార్లకే ఒప్పుకున్నది.
పదమూడోసారి మేడం ఫోన్ల కనవడ్డది,
అరచెయ్యంత.
అరచెయ్యి మాత్రం లేదు.

ఫలజ్ క్యాంపు, ఆరు మంచాల రూము.
బియ్యం డబ్బాకు ఫోను ఆనిచ్చిన.
పై మంచం కెళ్లి ఎవల్దో తడి ప్యాంటు
మేడం నెత్తి మీద చుక్కలు రాలుస్తున్నది.
నడుము లేపు, అన్నది. లేపిన.
ఇంకా పైకి, అన్నది.
ఆ ‘పైకి’ కాడ్నే నోరు తెరిచి ఆగిపోయింది.
నెట్టు పోయింది.
నేనూ ఆగిన,
పిర్రలు గాల్ల, ఒంటి మడమ పరుపు మీద.
దించుమనేటోళ్లు లేరు.
దవాఖాన్ల పది అంకెలు నిలవనోన్ని
ఆ దినం ఎంతసేపు నిలిచిన్నో
టేక్ బహదూర్ లెక్కవెట్టిండు నేపాలీల.
నలబై ఏడు.
నలబై ఎనిమిది కాడ మేడం కదిలింది,
దించు, అన్నది, ఏం జరగనట్టు.

తెల్లారి ఆమె చెయ్యి కొరకు
షఫీకుల్ చెయ్యి అడిగిన. ఉల్లిగడ్డ వాసన.
నడుము కింద పెట్టిండు,
బరువేసేదాకా ఆగకుండ గిలిగింత పెట్టిండు.
ఆ చేతికి దొంగతనం దొరకది.
కాని రోజూ ఉంటది, డ్యూటీ దిగినంక,
బీమా అడగది.

కాగితం పంపిన్రు:
ఫోను ఎన్ని మార్కులు, దవాఖాన ఎన్ని మార్కులు, పదిల.
ఏం రాయాలె?
టాక్సీకి పోను రాను ఎనిమిది రియాళ్లు,
అవి మిగిలినయని రాయాల్నా?
ఖమీస్ తాత ఉన్నడో లేడో
ఫోన్ల తెల్వదని రాయాల్నా?
కాగితం దిండు కింద పెట్టిన.

నిన్న, నిలబడు అన్నది.
కొత్త కాలు తొడిగి, గోడ పట్టుకొని నిలబడ్డ.
గోడ ఇడువు.
మేడం, ఫోను వంగింది, నేను మంచిగ కనవడ్తలేను.
ఏం కనవడ్తున్నదంటె
నడుమొక్కటే అన్నది.
తలకాయ లేదు, కాళ్లు లేవు,
బనీను కింద పొట్ట, లోపలికి పట్టుకొని.

సరి జెయ్యబోతె వద్దన్నది.
నాకు గదే గావాలె.
కదలకు.

గోడ ఇడిసిన.
యెనక టేక్ బహదూర్
ఒకటి అన్నడు.