చెయ్యందినంత ఎత్తు

కుమార్‌పల్లిలో మా ఇంటి ఉత్తరపు గది
పదకొండేండ్లు మిర్చి బస్తాలకు కిరాయికుంది.
ఎనుమాముల మార్కెట్ల ధర లేని రోజుల్ల
బస్తాలు గోడకొరిగి నిద్రపొయ్యేటివి.
ఇప్పుడది నా ఆఫీసు.
ఒక టేబులు, ఒక కుర్చీ, ఇంటర్నెట్ డబ్బా,
కడిగినా పోని ఘాటు.
మొదటిరోజు మీటింగులనే తుమ్మిన.
పుణె నుంచి మేనేజరు "బ్లెస్ యూ" అన్నడు,
ఆ వెనక గోడకు ఏదన్న రంగు వేయించమని కూడ అన్నడు.

నా పనేందో చెప్పలేదు కద.
సచ్చిపోయినోళ్ల కాయితాలు చదువుత.
పేరు, వయసు, వృత్తి, కారణం,
నామినీ సంతకం, లేకుంటే వేలిముద్ర.
రోజుకు ఇరవై రెండు క్లెయిములు.
ఇసొంటి పనికి గోడలు ఏ రంగుండాలె?
షేడ్ కార్డుల ఆ పేజీ లేదు.

సారంగం వచ్చిండు.
కొత్తవాడల జంపఖానాల నూలుకు రంగులద్దిన మనిషి,
మగ్గాలు తగ్గినంక బ్రష్షు పట్టిండు.
కార్డును విసనకర్ర లెక్క విప్పి
నేను ఇంగ్లీషు పేర్లు చదువుతుంటే
అన్నిటికీ కొత్త పేర్లు పెట్టిండు.
ఐవరీ డ్రీమ్:
"ఉల్లిపొర అనున్రి, ఐపాయె."
డెసర్ట్ మిస్ట్:
"జొన్న గట్క. పొద్దుగాలది. మాపటిదైతే ఇంకింత మబ్బుగుంటది."
ఓషన్ విస్పర్:
"వరంగల్ల సముద్రం యాడిది మేడం,
ఇది నీలిమందు ఎక్కువైన బనీను."

చిన్న డబ్బాలు మూడు తెప్పిచ్చి
గోడ మీద జానెడు జానెడు పూయించిన.
ఉల్లిపొర పొద్దున మంచిగనే ఉండె,
పగటీలికి దవాఖాన వరండా అయింది.
బనీను నీలం ట్యూబులైటు కింద జ్వరం మొఖం పెట్టింది.
మా ఆయన పళ్లెంల నుంచి తలెత్తకుండ "తెలుపు" అన్నడు.
ఎంత ప్రైమరు కొట్టినా తెల్లారేసరికి
మిర్చి ఎరుపు చెమట లెక్క బయటికొచ్చేది.
"మరక కాదు మేడం ఇది,
గోడ తిన్న తిండి" అన్నడు సారంగం, తుమ్ముకుంట.

నాలుగోరోజు.
టేబులు ఆయనకిచ్చి నేను గడప మీద కూసున్న,
ఒళ్లె లాప్‌టాపు. పదిహేడో ఫైలు.
భూపాలపల్లి. వయసు నలభై ఆరు.
వృత్తి: గోడలకు రంగులు వేయుట.
కారణం: ఎత్తు నుండి పడుట.
ఎత్తు అన్న గడిల ఎవరో
తొమ్మిది అడుగులని రాసి, కొట్టేసి,
ఎనిమిదిన్నర అని రాసిన్రు.
ఆ అరడుగు కోసం టేపు పట్టిందెవరో.
నామినీ రాజకొమురమ్మ.
వేలిముద్ర కొంచెం పక్కకు జారింది.

తలెత్తి చూసిన.
నా టేబులు మీద స్టూలు, స్టూలు మీద సారంగం,
ఒక కాలు కిటికీ చువ్వల్ల ఇరికిచ్చి
పై మూలకు చెయ్యి చాపుతున్నడు.

ఉరికిపోయి స్టూలు కాళ్లు పట్టుకున్న.
"దిగున్రి."
"ఇంకో రెండు జానలే మేడం."
"దిగు సారంగం."
"రంగు నచ్చలేదా?"
రంగేదో నేను అప్పటికింక చూడనే లేదు.

ఇప్పుడు నా గోడలకు
సారంగం నేల మీద నిలబడి చెయ్యెత్తితే
అందినంత మేరనే ఉల్లిపొర.
ఆపైన పాత సున్నం, బస్తాల ఎరుపు.
అంచు నికరంగ లేదు,
కుడిదిక్కు జానెడు కిందికి దిగింది.
ఆయన కుడి భుజం నొప్పి అట్ల తెలిసింది నాకు.
కూలి మొత్తం గోడకిస్తే
సగం వాపసియ్యబోయిండు, గేటు దాక కొట్లాడినం.

పదిహేడో ఫైలు తెరిస్తే
ఎత్తుల తేడా ఉంది, ప్రశ్న పంపాలా అని అడిగింది సిస్టం.
వద్దు అని నొక్కిన.

మొన్న మీటింగుల మేనేజరు
కండ్లు చిన్నగ చేసి నా వెనకకు చూసిండు.
"పైన అట్ల వదిలింది, డిజైనా?"
అవునన్న,
తుమ్ము ఆపుకుంట.