ముప్పై ఎనిమిది

తెల్లవారుజాము నాలుగు. హార్బర్ ఐస్ ఫ్యాక్టరీలో
క్రషర్ ఇంకా తిరగలేదు.
రేపటి రైలుకి మంచుకొండలకి పోయే నలుగురు పిల్లలు
తడి గోనెపట్టా మీద వణుకుతూ నించున్నారు.
ఇంకో వారంలో వేట నిషేధం, బోట్లన్నీ జెట్టీకి కట్టేస్తారు,
నాకూ పని ఉండదు. కానీ అప్పటికి వీళ్లు కొండ మీదుంటారు.
అందుకే ఇప్పుడే రమ్మన్నాను.

పాఠమేం కాదు.
పద్దెనిమిదేళ్లు ఫౌజులో ఉండొచ్చి
ఇక్కడ ఐసు దిమ్మలు లాగే
గొలగాని సింహాద్రి మాట, అంతే.

చూడండి. పలక మీద ముందు బొంబాయి రవ్వ జల్లుతున్నాను.
డిసెంబరులో కురిసి, చలికి పలుకులు పలుకులుగా విడిపోయిన
అడుగు మంచు ఇలాగే ఉంటుంది. గుప్పిట పట్టినా ముద్దవదు.
దాని మీద ఈ ఐసు పొడి. ఇది ఫిబ్రవరి.
అరచేత్తో తట్టి గట్టి చేస్తున్నాను. ఇది గాలి చేసే పని.
ఇప్పుడు పలక ఎత్తుతాను.
ఇరవై డిగ్రీలు. ఏమీ లేదు.
ముప్పై. ఏమీ లేదు.
హిమజా, మంచు పేరు పెట్టుకుని మంచు చూడని పిల్లా,
నవ్వకు, చెయ్యి తియ్యి.
ముప్పై ఎనిమిది.

చూశారా, నిద్రపోయేవాడి దుప్పటి లాగేసినట్టు
పొరంతా ఒక్కసారే.
మన ఊళ్లో ముప్పై ఎనిమిదంటే ఎండ.
జగదాంబ దగ్గర చెప్పులకి తారంటుకుంటుంది,
తాటి ముంజెలు బేరమాడి కొనుక్కుంటాం.
అక్కడ ముప్పై ఎనిమిదంటే వాలు.
దానితో బేరం లేదు.

ఏప్రిల్ మంచుకి పూటకో బుద్ధి.
రాత్రి గడ్డకట్టి, తెల్లారేసరికి సిమెంటు గచ్చులా మోస్తుంది.
తొమ్మిదికి మీగడ. పదకొండుకి మోకాలిదాకా మింగుతుంది.
మింగిందా, శిఖరం సంగతి మరిచిపోయి వెనక్కి తిరగండి.
తూర్పు వాలుకి ఎండ ముందు తగులుతుంది, దాన్ని ముందు వదిలెయ్యండి.
పైనుంచి లడ్డూలంత ఉండలు
వాటంతటవే దొర్లుకొస్తుంటే, కొండ మర్యాదగా పొమ్మంటోంది.
కాలి కింద ఎక్కడో ఉఫ్ మని కూలిన చప్పుడైతే
అది మర్యాద కూడా కాదు.

చెట్ల మధ్య చెట్టు లేని నున్నటి దారి ఎంతో అందంగా ఉంటుంది.
ఆర్కే బీచి పిల్లలు, మీకు వేరే చెప్పాలా?
విరిగే కెరటం దగ్గర కాదు,
రెండు కెరటాల నడుమ నిమ్మళంగా కనిపించే నీళ్ల దగ్గరే
మనిషిని పట్టుకుపోయేది.

దాటాల్సొస్తే ఒక్కొక్కరే దాటండి.
మిగతావాళ్లు ఫొటోలు తియ్యకుండా
దాటేవాడినే చూడండి.

మేమూ ఒక్కొక్కరమే దాటాం. నా ముందు బల్వంత్ నేగి.
అయిదింటికి బయల్దేరాల్సింది, ఎనిమిదయింది.
రిపోర్టులో వాతావరణం వల్ల అని రాశారు.
వాతావరణం బాగానే ఉంది.
నా మేజోళ్లు తడిశాయి. స్టవ్వు మీద ఆరబెట్టుకుంటూ కూర్చున్నాను.
నేగి ఏమీ అనలేదు. ఇంకో గ్లాసు చాయ్ పోసిచ్చాడు.

మంచు కింద మనిషికి పావుగంట.
మాకు ఇరవై రెండు నిమిషాలు పట్టింది.
ముందు గ్లౌజు దొరికింది.

ఇక్కడ పదకొండేళ్లు. కోనాలకీ రొయ్యలకీ
ఎన్ని లారీల ఐసు ఎత్తిపోశానో లెక్కలేదు.
గుట్టలోకి పార ఇప్పటికీ మెల్లగానే దించుతాను.
ముసలాడికి సత్తువ లేదని కుర్రాళ్లు నవ్వుకుంటారు.
నవ్వనీ.

క్రషర్ మొదలైంది. ఇంక మాట వినపడదు, వెళ్లండి.
గేటు దాకా పోయి, వెనక్కి పరిగెత్తుకొచ్చి
హిమజ నా చెవిలో అరిచింది:
"మావయ్యా, మరి మేజోళ్లు తడిస్తే?"

తడివే తొడుక్కుని నడువమ్మా.