ఎనభై మిల్లీలీటర్లు

మలక్‌పేటలో పదకొండు మెట్లు దిగితే వచ్చే గది.
క్రియాటినిన్ చీటీ చూశాను, పర్వాలేదు.
ఆయాసం ఉందా, ఏ మందైనా పడకపోవడం ఉందా,
షుగర్ గోలీ ఎప్పుడేసుకున్నరు?
అన్నిటికీ జవాబిచ్చి
గాజులు మాత్రం తియ్యనంది కుల్సుం బీ.

లాడ్ బజార్‌లో నలభై ఏళ్ళు లక్క కరిగించిన చెయ్యి.
కాలి మానిన మచ్చల మధ్య నరం వెతికాను.
రెండుసార్లు తప్పింది.
మూడోసారికి తనే గాజులు తీసి
నా ఏప్రన్ జేబులో వేసింది:
"పైలం, అద్దాలు ఊడ్తయి."

"రంగు ఎక్కిస్తవా బిడ్డా?"
రంగు కాదమ్మీ, చూడు, నీళ్ళలెక్కనే ఉంటది.
ఉప్పు ప్యాకెట్ మీద రాసుంటదే అయోడిన్,
దాని చుట్టం.
ఏ రోగమూ బాగుచెయ్యదు.
అది నడిచిన దారి మాకు తెల్లగా కనబడ్తది, అంతే.
రేపటికల్లా వెళ్ళిపోతది.
"అంటే కిరాయికొచ్చినోడే" అని నవ్వింది.

ఒక్క సంగతి ముందే చెప్పాలి, అందరికీ చెప్తాను:
గొంతులో వేడి, ఛాతీలో వేడి, ఆపైన కింద
బట్టలు తడిసినట్టు అనిపిస్తది.
తడవవు.
ఆమె మొహం తిప్పుకుంది.
డెబ్బై ఏళ్ళ పరువుకు
నా దగ్గర ఒక దుప్పటే ఉంది. కప్పాను.

అద్దం ఇవతలకొచ్చి మీట నొక్కాను.
మిషన్‌లోంచి ఎవరిదో రికార్డు గొంతు
ఇంగ్లిషులో ఊపిరి ఆపమంది.
ఆమె ఆపలేదు.
మైకు తీసి, "అమ్మీ, సాఁస్ రోకో" అన్నాను.
ఆపింది.
నేనూ ఆపానని తర్వాత తెలిసింది.

తెర మీద ముందు పెద్ద ధమని వెలిగింది,
మూత్రపిండాలు, చిక్కుడు గింజల్లా రెండు,
ఆ తర్వాత తొందర లేకుండా కాలేయం.
అందులో రూపాయి బిళ్ళంత చోటు
చుట్టూ వెలగకముందే వెలిగి
చుట్టూ వెలిగాక ఆరిపోయింది.
దానికి పేరు పెట్టడం నా పని కాదు.
పేరు రేపు సాయంత్రం, మూడో అంతస్తులో టైపవుతుంది.

సూది తీసి దూది నొక్కిపట్టాను.
"కుంపటి ముందల బతికినదాన్ని.
మంట ఎప్పుడూ ఎదురుంగనే ఉండె.
ఇయ్యాలే నా లోపలికెల్లి వచ్చింది" అంది.
చెప్పులు వెతుక్కుంటూ, నన్ను చూడకుండా,
"ఏం కనబడ్డది?"

నీళ్ళు మస్తు తాగు అమ్మీ, అన్నాను.
ఆ గదిలో నేను చెప్పగలిగిన నిజం అదొక్కటే.

తర్వాతి టోకెన్ పిలుస్తూ జేబులో చెయ్యి పెడితే
గాజులు.
పదకొండు మెట్లూ ఎక్కి బయటికొస్తే
ఆటోలో, నేను చెప్పినట్టే,
సీసా ఎత్తి తాగుతోంది.
అది ఖాళీ అయ్యేదాకా
గాజులు పట్టుకుని నిలబడ్డాను.