బ్యాటరీ మార్చే ముందు

"ఇప్పటికీ బాగుంటుందా ఈ ఆట?"
కొట్లోకొచ్చిన ప్రతివాడూ అదే అడుగుతాడు,
చేప తాజాదేనా అని నొక్కి చూసినట్టు
క్యాసెట్‌ను బొటనవేలితో నొక్కుతూ.
కుషిరో రేవులో పొగమంచు దిగిన సాయంత్రాలు
నా దగ్గర అమ్మకాలు తక్కువ, ప్రశ్నలెక్కువ.

నిజం చెబుతాను. కొండలు అట్టముక్కలు.
చెట్టును ఏ పక్కనుంచి దాటినా మనవైపే చూస్తుంది,
దానికి వీపు గియ్యలేదెవరూ.
బండి ఉన్నచోటే ఉంటుంది,
కింద చాప లాగినట్టు నేలను లాగుతారు, అంతే.
ఎక్కడో వెనకబడ్డ ఎలుగుబంటి
ఆఖరి మలుపులో మన భుజం పక్కన ఊడిపడుతుంది.
పచ్చి తొండి.

మా అక్క మనవరాలు నత్సుహో, పదకొండేళ్లది,
"ఇదా మీ కాలపు వేగం?" అని పెదవి విరిచింది.
విరిచిన పెదవి విరిచినట్టే ఉంది గానీ
కుడి మలుపొచ్చేసరికి
ఒళ్లంతా కుడికి ఒరిగి కుర్చీలోంచి జారింది.
నేనేం మాట్లాడలేదు.

నవంబర్లో యాచియో వచ్చింది,
చేపల వేలం షెడ్డులో తూకాలు రాసే మనిషి.
"లోపల బ్యాటరీ అయిపోవచ్చిందట. మార్చు."
మారిస్తే రికార్డులన్నీ పోతాయన్నాను.
మీటరు పెట్టాను: మూడు ఓల్టులుండాల్సింది, రెండుంపావు.
నాలుగో ట్రాకు, గడ్డకట్టిన చెరువు.
పట్టీలో అందరికన్నా పైన మూడక్షరాలు: క జు మ.
ఒక నిమిషం, నాలుగు సెకన్లు, పన్నెండు.
"ఇల్లొదిలి ఇరవయ్యారేళ్లు.
ఇక్కణ్నుంచి మాత్రం కదల్లేదు," అంది.
కాసేపాగి, "ముందు వీణ్ని దించనీ. తర్వాత మారుద్దువు."

ఆ తర్వాత ప్రతి మంగళవారం.
కిరసనాయిలు పొయ్యి, రెండు కప్పుల బార్లీ టీ,
ఐసుకు పగిలిన బొటనవేలికి చుట్టిన టేపు.
ఆ ట్రాకులో గంతేసి తిరగాలి.
గంతు ముందైతే గోడ, ఆలస్యమైతే నీళ్లు.
ఆ రెంటి మధ్య అరశ్వాసంత సందు,
దాన్ని ఎవరు కొలిచి పెట్టారో గానీ
ఇన్నేళ్లకూ వెంట్రుకవాసి వదులు కాలేదు.
నాలుగు పదిహేడు. నాలుగు ముప్పై.
నాలుగు పదమూడు! కుర్చీ వెనక్కి పడింది.
మళ్లీ నాలుగు నలభై.

ఆవిడ వెళ్లాక నేను మీటరు పెట్టేవాణ్ని.
రెండుంపావు కాస్తా రెండూ పదికి దిగింది.
రెండు దాటి కిందికొస్తే అన్నీ గాలికే.
కొత్త బ్యాటరీని పక్కన కలిపి పాతది ఊడదీస్తే
ఒక్క అంకె చెరగదు. ఆ కిటుకు నాకు తెలుసు.
ఆవిడకు చెప్పలేదు.
ఎందుకో అడక్కండి.

జనవరి ఆఖరి మంగళవారం
ఒక నిమిషం, నాలుగు సెకన్లు, తొమ్మిది.
కేక పెడుతుందనుకున్నాను. ముక్కు చీదుకుంది.
పేరు రాయమని తెర అడిగింది.
వెతుక్కోలేదు, చుక్క వెలుగుతున్నచోటే
మూడుసార్లు నొక్కింది: అ అ అ.
"ఇక మార్చు."

సీసం కరిగిన పొగ. పట్టీ నిండా సున్నాలు.
లేచి పోతుందనుకుంటే మళ్లీ కూర్చుంది,
ఎలుగుబంటితో పందెం పెట్టుకుని
బండిని వెనక్కి తిప్పింది,
ఎదురుగా, తీరిగ్గా, చెరువు అంచు దాకా.
"ఇక్కడ గుడిసె ఉందే! కిటికీలో దీపం కూడా."
ఎలుగుబంటి మూడు చుట్లూ పూర్తిచేసి గెలిచింది.
ఆవిడ అటు చూడలేదు.

మర్నాడు చలిటోపీ కుర్రాడొకడు
క్యాసెట్‌ను అటూ ఇటూ తిప్పి అడిగాడు,
ఇప్పటికీ బాగుంటుందా అని.
కుర్చీ చూపించాను.
"పొయ్యి దగ్గరికి లాక్కో.
మలుపుకు ముందు గంతెయ్యి."