ఏడు రకాలు

వెన్న మెత్తబడాలి, కరగకూడదు.
ఆ రెంటికీ మధ్య ఎంత దూరమో
నాకు అరవై తొమ్మిదో ఏట తెలిసింది.
వేలితో నొక్కితే గుంట పడాలి, వేలికి నూనె అంటకూడదు
అంది గున్‌వోర్. కింది అంతస్తులో ఉంటుంది,
బడి వంటశాలలో ముప్పై ఏళ్లు గరిటె తిప్పిన మనిషి.

కిరూనాలో డిసెంబరు. సూర్యుడు సెలవులో ఉన్నాడు.
మధ్యాహ్నం కాసేపు ఆకాశం సిరాలా తేరుకుని
మళ్లీ మూత పెట్టేసుకుంటుంది.
గురువారం కాఫీ మా ఇంట్లో.
ఇనుప ఖనిజం బళ్లు బాగుచేసిన పాతకాపులం పదకొండుమందిమి
నెలకొకరి బల్ల చుట్టూ చేరతాం.
బల్ల మీద ఏడు రకాల కుకీలుండాలి, అది లెక్క.
ఆరైతే పిసినారి. ఎనిమిదైతే గొప్పలకు పోయాడంటారు.
ఇన్నేళ్లూ దుకాణం డబ్బాలు విప్పి పోసేవాణ్ణి.
పోయినసారి సిక్స్‌టెన్ ఒకటి కొరికి
"మన బ్రేకు దిమ్మ రుచి" అన్నాడు.
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే ఈ ఏప్రన్.

పిండిని అలా పిసక్కు ఎవెర్ట్, రొట్టె చేస్తున్నావా?
కోపముంటే వాకిట్లో మంచు ఎత్తిపోసి రా.
నలిపేకొద్దీ సాగుతుంది, సాగింది కాలితే చెక్కవుతుంది.
కలిసీ కలవనట్టుండగానే చెయ్యి తీసెయ్.
బోల్టుకి ఇంకో చుట్టు బిగించడమే ఎరిగిన చేతులివి.

వెన్న, చక్కెర, మైదా. ముద్ద ఒక్కటే.
బొటనవేలితో గుంట చేసి రాస్ప్‌బెర్రీ జామ్ నింపితే ఒక రకం.
వేలంత కడ్డీలు చేసి బాదం పలుకుల్లో దొర్లిస్తే ఇంకోటి.
సగానికి కోకో కలిపి గళ్లుగా పేర్చి కోస్తే చదరంగం,
నాది భూకంపం వచ్చిన చదరంగం.
పాకం పోసినదాన్ని పొడుగ్గా వత్తి కాల్చి
పొగలు పోకముందే ఏటవాలుగా కొయ్యాలి.
ఫోను మోగింది. తిరిగొచ్చి కత్తి పెడితే రవ్వ రాలింది.
మళ్లీ చేశాను.
అల్లం లవంగాల ముద్ద రాత్రంతా చల్లగా పడుకోవాలి,
బాల్కనీలో పెడితే రాయైపోతుంది,
ఈ ఊళ్లో ఫ్రిజ్జే వెచ్చని చోటు.

ఆరో రకం పేరు కలలు. నిజంగానే.
అందులో జింకకొమ్ము ఉప్పు వేస్తారు,
ఓవెన్ తెరవగానే గుర్రపుసాల ఘాటు కళ్లకి కొడుతుంది.
ఆ కంపంతా పోతేనే గుల్లబారుతుంది అంది గున్‌వోర్,
కిటికీ తీస్తూ, తుమ్ముతూ.

గని కింద నేల కుంగుతోందని ఊరిని పక్కకి జరిపారు.
ఇల్లు కొత్తది, ఓవెన్ కొత్తది, ఎడమవైపు ఉడుకెక్కువ దానికి.
సగంలో పళ్లెం తిప్పాలి.
అంచు రంగు తిరిగి నడుమ పచ్చిగా ఉండగానే తియ్యాలి,
మిగతాది పళ్లెం వేడి చూసుకుంటుంది.
పని పూర్తికాని బండిని నేనెప్పుడూ షెడ్డు దాటనివ్వలేదు.
రెండు నిమిషాలు ఆగాను. మొదటి వాయి బొగ్గు.

గురువారం, ఇంకో గంట ఉంది. ఏడోది ఓట్స్‌వి.
గున్‌వోర్ పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లింది.
ఓవెన్ దీపం వెలుగులో గొంతుక్కూచుని చూస్తున్నాను,
ఉండలు కరిగి, పాకి, ఒకదాన్నొకటి పట్టుకుని
పళ్లెమంతా ఒకే వల.

విరగ్గొట్టాను. ఏం చెయ్యను.

సిక్స్‌టెన్ వేలు పెట్టి లెక్కపెట్టాడు. ఏడు.
ఒక పెంకు తీసి దీపానికి అడ్డంపెట్టి చూశాడు,
చిల్లుల్లోంచి వెలుతురు వాడి ముక్కు మీద పడింది.
"దీని పేరేంటి?"
కాఫీ పోస్తూ ఉండిపోయాను.
వాడేమీ అనలేదు. వెళ్లేటప్పుడు నాలుగు పెంకులు
రుమాల్లో చుట్టి కోటు జేబులో వేసుకున్నాడు.

ఇదంతా గున్‌వోర్‌కి చెప్పాను.
సగం దవడ మొద్దుబారి ఉంది, మాట తడబడుతోంది.
పళ్లేనికి ఎన్ని పెట్టావంది.
పదహారు.
ఎనిమిది పెట్టాలి, అంది.