గ్యాప్ సర్టిఫికెట్

కోర్టు వీధిలో నోటరీ పెద్దాయన
కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి అడిగాడు
"తొమ్మిదేండ్లు ఏం చేస్తా ఉంటివి మే?"
"పీలేరు డెయిరీలో పాలు చూస్తా ఉంటి సామీ."
"అదంతా వద్దులే. యాడా చదవలేదు, అంతే కదా."
టకటకా కొట్టేశాడు
స్టాంపు కాగితం మీద నా తొమ్మిదేండ్లు
మూడు లైన్లు.
ఖాళీగా ఉన్నట్టు ఇందుమూలముగా ధ్రువీకరిస్తూ
మునిలక్ష్మి అని సంతకం పెట్టాను.

ఖాళీ అంటే
తెల్లారి నాలుగున్నరకు మొదటి క్యాన్ల చప్పుడు.
లాక్టోమీటరు తేలేలోపే
నీళ్ళు కలిపినోడి ముఖం తేలిపోయేది.
వెన్న ఒక పాయింటు తగ్గించి రాసిన పూట
దొరసామి పెండ్లాం ఏమీ అనలేదు,
ఖాళీ క్యాను మాత్రం కొంచెం గట్టిగా మూసింది.
ఆ మూత చప్పుడు ఏ కాగితంలో రాయాలో
నోటరీకీ తెలీదు, నాకూ తెలీదు.

తర్వాత మిషను వచ్చింది.
నా ముక్కు, నా వేళ్ళు, నా అనుమానం
అన్నీ కలిపి పదిహేను సెకన్లు దానికి.
ఇచ్చిన డబ్బుతో ఫీజు కట్టి
ఎస్వీ యూనివర్సిటీ గేటు దగ్గర బస్సు దిగాను.

మొదటి రోజు క్లాసులోకి అడుగు పెడితే
అందరూ లేచి నిలబడ్డారు.
సారు వస్తున్నాడేమోనని నేనూ వెనక్కి చూశాను.
ఎవరూ లేరు.
చీర కుచ్చెళ్ళు పట్టుకుని పోయి
మూడో బెంచీ చివర సర్దుకుని కూర్చున్నాక
ఎక్కడో ఒక నవ్వు, ఆనక క్లాసంతా,
అందరికన్నా ఆలస్యంగా నాది.

హాస్టల్లో నా పక్క మంచం రుహీనా, మదనపల్లె పిల్ల.
ఇరవై ఒకటి. రాత్రి రెండింటికి లైటు తీస్తుంది.
నాకు నాలుగున్నరకు మెలకువ.
క్యాన్లు రావు.
కిటికీ దగ్గర నిలబడి చూస్తాను,
శేషాచలం నల్లటి వీపు మీద
బస్సుల వెలుగు ఒక మలుపులో కనబడి
ఇంకో మలుపులో మాయమవుతుంది.
చేతులు ఏం చెయ్యాలో తోచక
ఉన్న నాలుగు గుడ్డలే మళ్ళీ మడతపెడతాను.

గురువారం మెస్సులో సంగటి, ఊరిబిండి.
మజ్జిగ గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టగానే
చెంగల్రాయుడు గరిటె ఆపేశాడు.
ఒకటికి ఆరు.
"నేనిప్పుడు డ్యూటీలో లేనులేన్నా" అని తాగేశాను.

ఇంగ్లీషు మాత్రం గొంతులో ముల్లు.
రాత్రి చదివిన పేర్లు పొద్దుటికి
మబ్బు లేని వాన మాదిరి, తడి కూడా మిగలదు.
రెండుసార్లు బ్యాగు సర్దాను.
రెండోసారి జిప్పు చెడిపోయింది కాబట్టి ఉన్నాను,
ధైర్యం వల్ల కాదు.

ఆ వారమే సారు బోర్డు మీద ఒక గీత గీశాడు,
సర్రున పైకి లేచి, అలసిపోయి, అడ్డంగా సాగే గీత.
"ఎంజైము ఎందుకిట్లా ఆగిపోతుంది?"
ఎవరూ పలకలేదు.
నా నోరు నన్ను అడక్కుండానే తెలుగులో అనేసింది:
"ఎన్ని క్యాన్లు వచ్చినా
చూసే చెయ్యి ఒకటే కదా సార్."

చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి అట్నే ఆగింది.
"మళ్ళీ చెప్పమ్మా."
చెప్పాను. వరుస చెప్పాను, చలి చెప్పాను,
వెనకున్నోళ్ళ సణుగుడు చెప్పాను.
నలభై క్యాన్ల తర్వాత
చెయ్యి వేగం పెరగదని చెప్పాను.

ఆ గీతను గదికొచ్చి మళ్ళీ వేసుకున్నాను
గ్యాప్ సర్టిఫికెట్టు జెరాక్సు వెనక.
చేతికి దొరికిన కాగితం అదే.

"రేపు నన్నూ లేపక్కా, నాలుగున్నరకు" అంది రుహీనా.
లేపాను.
"ఊఁ" అని
దుప్పటి నెత్తిమీదికి లాక్కుంది.