లైన్ క్లియర్

కరెంటు స్తంభం ఎక్కుడంటె ఒక్కని పని కాదు.
అటు సబ్‌స్టేషన్ల ఆపరేటర్ ఫోన్ల
లైన్ క్లియర్ ఇయ్యాలె,
ఇటు నేను గ్లౌజులు తొడిగి రాడ్డు తగిలియ్యాలె.
రెండు దిక్కుల అయితెనే అడుగు పైకి.
ఒక్కటి తప్పినోడు మా రాజలింగం.
సెక్షన్ ఆఫీసుల ఫోటో ఉన్నది, దండతోని.

అందుకే డాక్టర్ ముబీనా
మందుచీటి వెనుక గీసిన బొమ్మ
నాకు జల్ది సమజైంది.

"మెదడుల ఒక కణం ఇంకో కణం మీదికి
గ్లూటమేట్ విసురుతది.
అవుతల ఒక తలుపు, దానికి మెగ్నీషియం బిరడా.
ఊకె తడితె తెరువదు.
లోపలి కణం అప్పటికే మేల్కొని ఉంటె
బిరడా జారుతది, కాల్షియం సొస్తది.
మనిషి ఏదన్న యాది పెట్టుకునుడు
అక్కడ్నే షురువైతది."

"లైన్ క్లియర్ లెక్కనే గద మేడం" అన్న.
ఆమె నవ్వలె.
"మీ చెల్లె ఒంట్లె కాపలా ఉండెటోళ్ళే
ఆ తలుపులను దొంగలనుకుంటున్నరు.
ఒక్కొక్కటి ఊడబీకి లోపలికి గుంజుకుంటున్నరు."

అంతకుముందు
నయీంనగర్ల డీఎస్సీ కోచింగ్‌కు పోయే పిల్ల
మూడు రాత్రులు కన్ను మూయలె.
ఫోన్ వింటున్నదని బియ్యం డబ్బాల దాసింది.
గోడ నిండ సుద్దతోని కాకతీయుల సంవత్సరాలు రాసి
అన్నీ తప్పని ఏడ్సింది.
తర్వాత మాట పోయింది. మూతి మాత్రం
ఏదో నములుతనే ఉన్నది,
చెయ్యి గాలిల అటిటు, అటిటు,
లేని మగ్గం మీద నాడె విసిరినట్టు.
నాయిన అది చూడలేక
జంపఖానా సగంల ఆపి బయట కూసున్నడు.
అవ్వ నిమ్మకాయలు దిగదీసింది,
కాజీపేట దర్గాల తాయెత్తు కట్టిచ్చింది.

మాట పోకముందు ఒకటి జరిగింది.
ఎంజీఎం క్యాజువాలిటీల, అందరు వింటుండంగ,
మంచం మీద లేసి కూసుండి నా దిక్కు వేలు పెట్టి
"నా ఫీజు పన్నెండు వేలు నువ్వే తీసినవ్.
కట్టినమని చెప్పి పేకాటల పెట్టినవ్."
"దయ్యం మాట్లాడుతున్నది కొడుకా" అన్నది అవ్వ.
నేను తల ఊపిన.
దయ్యానికి అంత లెక్క తెల్వది.

వెన్నుల నుంచి తీసిన నీళ్ళు
ఐస్ డబ్బాల ఒళ్ళె పెట్టుకొని
పొద్దుగాల కాజీపేటల బండెక్కిన.
జనగామ, ఆలేరు, భువనగిరి.
చూస్తె ఉత్త నీళ్ళే.
ఆరు రోజులకు రిపోర్టు వచ్చింది.
కడుపు స్కానింగుల, అండాశయం మీద గడ్డ,
అవ్వ దిగదీసిన నిమ్మకాయంత.
అందుల ఎంటికెలు, మెదడు అసొంటి ముక్కలు.
కాపలావోళ్ళు పగ నేర్చుకున్నది అక్కడ్నట.

గడ్డ తీసిండ్రు. రక్తంల నీళ్ళు మార్చిండ్రు.
తలుపులు మళ్ళ మొలుస్తయన్నది మేడం, నిమ్మళంగ.
నలభై మూడో రోజు
రవళి పచ్చిపులుసు అడిగింది.

ఆ రెండు నెలలు ఆమెకు లేనే లేవు.
గోడ మీద రాతలు చూసి "ఎవరు రాసిండ్రే?" అన్నది.
తలుపులే లేని ఇంట్ల ఏది నిలుస్తది?
క్యాజువాలిటీ మాట గూడ పోయింది.
నాకు ఊపిరి వచ్చింది, వెంటనే సిగ్గు వచ్చింది.

ఆఖరి చెకప్పుల అడిగిన:
"మేడం, రోగానికి ముందటిది? అది గూడ పోతదా?"
నేను భయపడుతున్ననుకున్నది.
భుజం తట్టి "ఫికర్ చెయ్యకు" అన్నది,
"పాతది పాతకాడ్నే ఉంటది."

నిన్న రాత్రి మళ్ళ డీఎస్సీ ఫారం ముందట పెట్టుకొని
పెన్ను మూత పండ్ల కింద పట్టి
తల ఎత్తకుండ అడిగింది:
"ఈసారి ఫీజు నువ్వే కడ్తవా అన్నా?"

ఈసారి అన్నది. ఉత్తగనే అన్నదో, ఎరుకుండి అన్నదో.

జేబుల పన్నెండు వేలున్నయ్, లెక్కపెట్టినయ్.
నోట్ల మాట ఉన్నది.
గ్లౌజులు తొడిగి స్తంభం కింద నిలబడ్డట్టు
ఆమె తల ఎత్తుతదేమోనని
చూస్తున్న.